కార్డులో పాప వాటా

ఎండు నిమ్మకాయకి ఫోర్కుతో రెండు పోట్లు పొడిచి, కోడి ఉడుకుతున్న దాకలో పడేసింది సత్యకుమారి. చూడ్డానికి పనికిమాలిన కాయ. నల్లగా, డొల్లగా ఉంటుంది, ఊపితే గలగలమంటుంది. అది పడకపోతే మాత్రం బహ్రెయిన్ రిఫాలోని ఈ ఇంట్లో శుక్రవారం వండే మజ్బూస్ అన్నం ఎవరూ ముట్టరు.

కోనసీమలో పుట్టిన మనిషికి అరబ్బుల అన్నం వండటం ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. తిట్లు నేర్పాయి. మొదటి నెల ఉప్పెక్కువైందని తిట్టు. రెండో నెల అన్నం ముద్దయిందని తిట్టు. మూడో నెల నుంచి తిట్లు లేవు, మెచ్చుకోళ్ళూ లేవు. గల్ఫ్‌లో పనిమనిషికి తిట్లు ఆగిపోయాయంటే అదే బిరుదు.

పొట్టి మనిషి. మణికట్లు మాత్రం మగవాళ్ళ మణికట్లలా లావు. కుడి మోచేతి కింద ఓవెన్ తలుపు కాల్చిన మచ్చ ఒకటి, బియ్యపు గింజంత పొడుగున, మెరుస్తూ ఉంటుంది. కాలివేళ్ళకి మెట్టెలున్న చోట తెల్లటి గీతలు పడ్డాయి. మెట్టెలు తీసేసి నాలుగేళ్ళవుతున్నా ఆ గీతలు చెరగలేదు. ఆమెకి వాటి మీద బాధేం లేదు. స్నానం చేసేటప్పుడు కనిపిస్తే, "ఇంకా ఉన్నారా మీరు?" అని పలకరిస్తుంది.

"అరె సత్తెక్కా, సాయంత్రం ఫ్లైట్ పెట్టుకొని ఇంకా గంటె తిప్పుతనే ఉన్నవా?" అంటూ వచ్చింది నజ్నీన్. హైదరాబాద్ పాతబస్తీ పిల్ల, ఈ ఇంట్లో పసివాళ్ళని చూసుకుంటుంది. ఇద్దరిదీ ఒకటే గది.

"నేను తిప్పకపోతే నువ్వు తిప్పుతావా? నువ్వు వండితే ఈళ్ళు నన్ను ఇమానం దగ్గర్నించి ఎనక్కి లాక్కొస్తారు."

"లాక్కొస్తె మంచిదే గద. నా కాడ్నే ఉంటవు. అసలు ఏం ఫైసలా చేసినవ్? వస్తవా, పోతవా?"

సత్యకుమారి గంటె అంచు దాక మీద టంగుమని కొట్టి మూత పెట్టేసింది.

ఫైసలా ఆమె చేతిలో లేదు. అదీ సంగతి. పెద్ద మేడమ్ కూడా నిన్న అదే అడిగింది. కాంట్రాక్టు అయిపోయింది, టికెట్ ఇస్తాను, రెండు నెలలు ఉండి వస్తావా, లేక ఖలాసా, ఇక రానే రావా? బండెక్కే ముందు చెప్పు, ఖలాస్ అయితే ఇంకో మనిషిని చూసుకోవాలి. మేడమ్ అడిగింది న్యాయమే.

పొద్దున ఇంటికి ఫోన్ చేస్తే కూతురు లక్ష్మిప్రసన్న కూడా అదే అడిగింది. మూడో తరగతి పిల్ల, మాట మాత్రం ప్లీడరుది.

"అమ్మా, సెలవుకొస్తున్నావా, ఉండిపోడానికొస్తున్నావా?"

"ఏం, ఎందుకే?"

"సెలవుకైతే నేను అమ్మమ్మ మంచం మీదే పడుకుంటాను. ఉండిపోడానికైతే నీ పక్కన పడుకుంటాను. పోయినసారి నీ పక్కన అలవాటు చేసేసి ఎల్లిపోయావు. మళ్ళీ మళ్ళీ అలవాటు మార్చుకోడం నా వల్ల కాదు."

నవ్వొచ్చింది. ఆ వెనకే ఇంకేదో వచ్చింది గానీ, ఉల్లిపాయలు తరుగుతోంది కాబట్టి దాన్ని ఉల్లిపాయల ఖాతాలో వేసేసింది.

అసలు కథంతా ఒక ప్లాస్టిక్ కార్డుతో వచ్చింది.

సత్యకుమారి మాజీ మొగుడు భీమేశ్వరరావు. ఈ బహ్రెయిన్‌లోనే, మనామాలో ఏసీ మెకానిక్. కొట్టినవాడు కాదు, తాగినవాడు కాదు. అంత కథ లేదు. ఇద్దరూ ఒక ఇంట్లో ఇమడలేదు. అతనికి ప్రతిదీ లెక్క ప్రకారం జరగాలి. ఆమెకి లెక్క ప్రకారం నవ్వు రాదు. అమలాపురం కోర్టులో ఇద్దరూ ఒప్పుకునే సంతకాలు పెట్టారు. పాప తల్లి దగ్గర ఉండాలి, పాప తిండికీ బడికీ బట్టలకీ తండ్రి నెలనెలా ఇంత పంపాలి అని పెద్దమనుషులు చెప్పారు. పంపాడు. ఒక్క నెల తప్పలేదు. ఆ మాట ఎవరి దగ్గరైనా ఒప్పుకుంటుంది సత్యకుమారి.

తర్వాత అతను మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. చేసుకోనీ. ఒక శుక్రవారం అతని గదికి బీమా ఏజెంటు వచ్చాడు. ఊళ్ళో మీ కుటుంబం మొత్తానికీ ఆరోగ్య కార్డు, పెద్దాసుపత్రిలో పైసా కట్టక్కర్లేదు అన్నాడు. భీమేశ్వరరావు తీసుకున్నాడు. కార్డులో నాలుగు పేర్లు: అతనూ, అతని తల్లీ, కొత్త పెళ్ళామూ, ప్రసన్నా. అంతవరకూ బాగుంది. ఏడాదికోసారి కట్టే ఆ బీమా సొమ్ముని పన్నెండు ముక్కలు చేసి, నెలనెలా ప్రసన్న ఖర్చులోంచి కోసెయ్యడం మొదలెట్టాడు. మొత్తం సొమ్మంతా.

ఇదేంటి అని అడిగితే, గదిలో పెద్దాయన చెప్పాడన్నాడు. "పాప వైద్యం కూడా తండ్రే చూస్తున్నాడు కదా, ఆ డబ్బు పాప ఖర్చు కిందకే వస్తుంది" అన్నాడట పెద్దాయన. పెద్దమనిషంటే ఎవడు? గదిలో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నవాడు. పిల్లని పెంచుతున్న మనిషిని ఒక్క మాట అడిగారా? అడగరు. న్యాయం చెప్పడానికి తొందర, అడగడానికి బద్ధకం.

ఖర్చు సగానికి సగం పడిపోయింది. పాల ప్యాకెట్టు చిన్నదైంది. ఇంగ్లీషు బడి మానేసి సర్కారు బడి అయింది. ఆఖరికి పిల్లని తన తల్లి వీరమ్మకి అప్పజెప్పి, సత్యకుమారే విమానమెక్కింది. కూతురికి కార్డొచ్చింది, తల్లి దూరమైంది. చూడండి ఆ బేరం!

ఇప్పుడు వీరమ్మకి కంటిచూపు తగ్గింది. పిల్ల జడ వెయ్యబోయి తన కొంగు కలిపి అల్లేస్తోందట. ఇంటికెళ్ళి అమలాపురంలో కర్రీ పాయింట్ పెట్టుకోవాలని సత్యకుమారి ఆశ. గుత్తొంకాయ, పులుసు, పప్పు కట్టి అమ్మితే జరుగుబాటు అవుతుంది. కానీ మొదటి ఏడాది దాని మీద ఏం మిగులుతుంది? కార్డు కోత ఆగి, పాప ఖర్చు పూర్తిగా వస్తే ఉండిపోవచ్చు. కోత అలాగే ఉంటే రెండు నెలల్లో మళ్ళీ ఈ దాక దగ్గరికే రావాలి. మధ్యలో దారి లేదు.

అందుకే ఇవాళ మధ్యాహ్నం భోజనానికి మనామాలో భీమేశ్వరరావు గదికి రమ్మన్నారు. తీర్పు చెప్పేది ఆ పాత కుర్చీయే.

*

ఇంటి డ్రైవర్ షంషుద్దీన్ బండి తీశాడు. జగిత్యాల దగ్గర పల్లె అతనిది. ఊళ్ళో వాళ్ళకి తాను దుబాయిలో ఉన్నట్టే లెక్క. బహ్రెయిన్ అని చెప్పి చెప్పి విసిగి, ఇప్పుడు తనూ దుబాయనే అంటాడు.

"అక్కా, నువ్వు ఆడ ఏడ్వద్దు. ఏడిస్తె ఆల్లు పెద్దమనుషులై కూసుంటరు. నీకు ధైర్యం జెప్పుడు షురూ జేస్తరు. అసలు ముచ్చట పక్కకు పోతది."

"నేనెందుకు ఏడుస్తానయ్యా? తొమ్మిదిమందికి వండి పెట్టొచ్చాను, ఏడవడానికి ఓపికుందా?"

"గట్లయితె కొట్లాడు."

"కొట్లాటా రాదు నాకు. కోపమొస్తే నవ్వొచ్చేస్తుంది. ఆయనతో పడకపోడానికి అదో కారణం."

షంషుద్దీన్ స్టీరింగు మీద కొట్టి మరీ నవ్వాడు. నమాజు విడిచిన జనం రోడ్డు దాటుతుంటే బండి ఆపాడు. ఎండ అద్దంలోంచి కొరికేస్తోంది. పక్క సందులో బంగారం కొట్లు షట్టర్లు దించి ఉన్నాయి.

పాత బిల్డింగు, మూడో అంతస్తు. గది తలుపు తియ్యగానే చేపల పులుసు వాసన ముందొచ్చి పలకరించింది. ఒకదాని మీద ఒకటి ఇనప మంచాలు, వాటి కడ్డీలకి ఆరేసిన బనీన్లు, గోడకి నాలుగు దేవుళ్ళూ ఒక కంపెనీ క్యాలెండరూ. ఎనిమిది మంది మగాళ్ళు. ఒక కుర్చీ. కుర్చీలో సోమేశ్వరరావు. రావులపాలెం మనిషి, ఏదో కట్టుబడి కంపెనీలో టైంకీపరు, అరవైకి దగ్గర పడ్డాడు.

"రా అమ్మాయ్, రా. డ్రైవరు బాబూ, నువ్వూ రా. ముందు భోజనాలు. ఖాళీ కడుపుతో పెద్దరికం చెయ్యడం నా వల్ల కాదు."

భీమేశ్వరరావు చేతిలో గరిటె ఉంది. సన్నటి మనిషి, కత్తిరించిన మీసం, శుక్రవారమైనా చొక్కా జేబులో టెస్టర్ ఉంటుంది. ఆ గదిలో మెస్సు నడిపేది అతనే. ఉల్లిపాయ దగ్గర్నించి గ్యాసు దాకా నెలాఖరుకి అతను తలకింత అని తేలుస్తాడు, అందరూ కడతారు. పైసా అటూ ఇటూ కాదు. మనామాలో తెలుగు గదులన్నిట్లో మెస్సు గొడవతో మనుషులు విడిపోతుంటారు. ఈ గదిలో అయిదేళ్ళుగా విడిపోలేదు. అది అతని గొప్ప. ఆ గొప్ప అతనికి బాగా తెలుసు.

"బాగున్నావా?" అన్నాడు సత్యకుమారితో, చూపు కంచాల మీద పెట్టి.

"బాగున్నానండి. మీరూ?"

"ఊఁ." కంచాలు లెక్కపెట్టాడు. "పది. గదివి ఎనిమిది. పైన రెండు. ఈ రెండూ ఎవరి లెక్క?"

"ఏవిటయ్యా ఇది! నీ కూతురి తల్లి వస్తే అన్నానికి లెక్కేవిటి?" అన్నాడు సోమేశ్వరరావు.

"లెక్క లెక్కేనండి బాబాయ్ గారూ. గెస్టు ఎవరు పిలిస్తే వాళ్ళ లెక్క. ఈళ్ళని పిలిచింది మీరు. మొన్న మీ తోడల్లుడు గారొచ్చి తిన్నప్పుడూ అంతే కదండీ."

"వేసుకో నాయనా, వేసుకో. నా సమాధి మీద కూడా రెండు కంచాలు వేసుకో."

అందరూ నవ్వారు. కింద చాప మీద కూర్చున్న బుల్లబ్బాయి, యాభై దాటిన తాపీ మేస్త్రి, కంచం ముందుకు తోశాడు. రాజోలు నుంచి కొత్తగా వచ్చాడు.

"భీమేస్సర్రావు గారూ, నాదింకా సగం వాటానే కదండీ? కంపినీవోడు ఈ నెలా జీతం ఎయ్యలేదండి."

"సగమేనండి. జీతం పడేదాకా సగమే. అది ఈ గది రూలు, నేను కొత్తగా వచ్చినప్పుడూ అంతే. కానీ మీరు చేప తలకాయ రెండోది వేసుకున్నారు. అది ఎక్స్‌ట్రా. కుండలో వాటా వేరు, ఎక్స్‌ట్రా వేరు."

"ఓర్నాయనో! తలకాయలో ఏవుంటదండీ, ముల్లులే కదా!"

"ముల్లులైనా రెండో తలకాయేనండి."

మళ్ళీ నవ్వులు. సత్యకుమారి కూడా నవ్వింది. పులుసులో చింతపండు తగ్గింది, మెంతి కాస్త మాడింది, తినొచ్చు. రెండు ముద్దలు తింది. మూడో ముద్ద కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆపేసింది. అతని మొహంలోకి చూసింది. ఆమెకి నవ్వు రావడం మొదలైంది. కోపంతో వచ్చే నవ్వు.

"ప్రసన్న నాన్నగారూ, ఒక మాట అడగనా?"

"భోజనాలయ్యాక మాట్లాడదావని బాబాయ్ గారు..."

"ఇది భోజనం మాటేనండి. మీ ఆరోగ్య కార్డు కూడా ఒక కుండే కదా. అందులో ఎన్ని కంచాలున్నాయండీ?"

"నాలుగు."

"మీ అమ్మగారిని అందులోకి ఎవరు పిలిచారు? నేనా? ప్రసన్నా?"

గరిటె ఆగింది.

"మీ ఆవిడ గారిని ఎవరు పిలిచారండీ?"

ఎవరో కిసుక్కుమన్నారు.

"గెస్టుని పిలిచినోళ్ళ లెక్కలో వేస్తారు కదా మీరు. మరి నాలుగు కంచాల లెక్కా తీసుకెళ్ళి మూడో తరగతి పిల్ల మీద వేశారేంటండీ?"

గది గదంతా లేచింది.

"ఆయ్! మరి మా బావమరిది రెండు ముద్దలు తింటే నా మీద ఏశావు కదండీ! మీ అమ్మగారు తింటే పిల్ల మీదేస్తావా?" పై మంచం మీంచి ఒకడు.

"నేను సెలవుకెళ్ళిన నెల నా వాటా తీసేశావు, బాగానే ఉంది. తినని పిల్ల మీద వాటా ఎలా పెంచావయ్యా?" ఇంకొకడు.

అయిదేళ్ళుగా గుడ్డుకీ తలకాయకీ లెక్క చెప్పించుకున్న మనుషులు. ఇన్నాళ్ళకి దొరికాడు. వదులుతారా? బుల్లబ్బాయి అయితే ఎంగిలి చేత్తోనే నిలబడి మాట్లాడుతున్నాడు.

"అది వేరు, ఇది వేరు!" అరిచాడు భీమేశ్వరరావు.

"ఎలా వేరో చెప్పండి. మెస్సు మేనేజరు గారు చెప్తే వింటాం."

అతని చెవులు ఎర్రబడ్డాయి. గరిటె పులుసులో వదిలేశాడు. "సరే. పాప పేరు కార్డులోంచి తీయించేస్తాను. అప్పుడు పైసా కొయ్యను. రేపు పిల్లకి పెద్ద జబ్బేదైనా చేస్తే మీరూ మీరూ చూసుకోండి."

నవ్వులు ఆగిపోయాయి. సత్యకుమారి ముద్ద కంచంలోకి జారింది. కార్డు మీద ఆమెకి పగ లేదు. ఊళ్ళో పక్కింటి పిల్లాడికి గుండెలో కన్నం ఉందంటే పొలం అమ్మి ఆపరేషన్ చేయించడం చూసింది. పిల్ల పేరు కార్డులో ఉండాలి. ఆ పేరు తీసేస్తానంటున్నాడు. అదొక్కటే ఆమె భయం, అతనికి అది తెలిసే అన్నాడు.

"తియ్యొద్దు," అంది.

"అగొ, జెర ఆగుర్రి!" షంషుద్దీన్ చెయ్యి కడుక్కుని వచ్చి ఫోన్ తీశాడు. "తీస్తె ఎంత తగ్గుతదో అమ్మినోన్నే అడుగుదం. నంబరు జెప్పు అన్నా."

భీమేశ్వరరావు చెప్పాడు, అతనికి అన్ని నంబర్లూ నోటికే. స్పీకర్ పెట్టారు. అవతల ఏజెంటు గొంతు శుక్రవారం నిద్రలోంచి లేచి, కస్టమర్ అనగానే తేనె పూసుకుంది.

"పాప పేరు తియ్యడవేంటండీ? తీస్తే పెద్దగా తగ్గదండి. మీ కార్డు రేటు పడిందే మీ అమ్మగారి వయసు చూసి. పాపని తీస్తే మహా అయితే ఓ బిర్యానీ డబ్బులు తగ్గుతాయండి. ఇంకెవర్నైనా కలుపుతారా? అత్తగారు? మావగారు?"

"వద్దయ్యా, కుండ ఇప్పటికే పొంగుతోంది," అన్నాడు సోమేశ్వరరావు.

బిర్యానీ! పిల్ల బడి మారింది. తల్లి దేశం మారింది. అతని తల్లి వయసు కోసం పిల్ల పాలు తగ్గాయి. అన్నీ కలిపి ఒక బిర్యానీ తేడాకి. ఆ గదిలో ఎవరూ అప్పుడు నవ్వలేదు.

సత్యకుమారి ఫోన్ దగ్గరికి జరిగింది. "ఏవండీ, పోయిన వానల్లో పాప చెవికి చీము పట్టింది. మా అమ్మ కార్డు తీసుకెళ్తే పనికిరాదన్నారు. ఎందుకని?"

"రాత్రి ఆసుపత్రిలో మంచం ఎక్కితేనేనండి కార్డు. చెవులూ దగ్గులూ జొరాలూ మీరే పెట్టుకోవాలి. ఫారంలో రాసే ఉంటదండి."

ఫోన్ పెట్టేశారు.

"చెవేంటి?" అన్నాడు భీమేశ్వరరావు. ఆ గొంతులో మెస్సు మేనేజరు లేడు. "ఏ చెవి?"

"ఎడం చెవి. నెల పట్టింది తగ్గడానికి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే కార్డుందిగా అంటారని."

అంటాడు. తప్పకుండా అనేవాడే. అతను అదే ఆలోచిస్తున్నట్టు నిలబడ్డాడు. రోజూ పడుకునే ముందు పిల్లకి కార్డుంది, ఏ జబ్బొచ్చినా ఫర్వాలేదు అనుకుని పడుకున్న మనిషి. ఎండలో ఇళ్ళ కప్పులెక్కి ఏసీలు విప్పి, ఆ ధీమాతోనే దిగిన మనిషి. చెడ్డవాడు కాదు. కాగితం చదవని మనిషి, పక్కవాణ్ణి అడగని మనిషి. అలాంటివాళ్ళ వల్ల జరిగే చెడుపు మాత్రం చెడ్డవాళ్ళ చెడుపు కన్నా ఏం తక్కువ?

అతను గరిటె మళ్ళీ తీసుకున్నాడు. గరిటె చేతిలో ఉంటే గానీ అతనికి ఆలోచన సాగదు.

"సరే. మా అమ్మా, మా ఆవిడా నా గెస్టులు. నేనూ నా లెక్కే. కార్డులో పాప వాటా ఒక్కటే పాపది. ఆ బిర్యానీ ముక్క."

"ఆ ముక్కయినా పిల్ల మీద ఎందుకండీ?" అన్నాడు బుల్లబ్బాయి. "పిల్ల ఏవన్నా సంపాదిస్తందా? తల్లీ తండ్రీ పంచుకోవాలి."

"పంచుకుంటాం. చెరి సగం."

"చెరి సగవేంటండీ! మీకు జీతం పడతంది. ఆవిడ ఊరెల్లి కూరలమ్ముకోవాలి. నాది సగం వాటా అయితే ఆవిడదీ తక్కువ వాటాయే. జీతం పడేదాకా. గది రూలే కదండీ?"

భీమేశ్వరరావు అతనికేసి చూశాడు. ఆ చూపులో కోపం సగం, మెస్సు పాఠం ఇంత బాగా వంటబట్టిందన్న సంతోషం సగం.

"రూలే," అన్నాడు.

"నాకు ఊరికే వద్దండి," అంది సత్యకుమారి. "పిల్ల నాక్కూడా కూతురే. కర్రీ పాయింట్ నిలబడ్డాక నా వాటా పెంచండి. నేనే చెప్తాను."

"మరి చెవి మందులు?" అని ఎవరో అందించారు.

"ఎక్స్‌ట్రా," అన్నాడు అతను, వెంటనే. "కుండలో లేవు. కార్డు ఇవ్వని మందులు విడిగా. అవీ అదే వాటాల్లో. చెవి డాక్టరుకి ఎంతయిందో వీరమ్మ గార్ని అడిగి చెప్పు. ఇన్నాళ్ళూ ఎక్కువ కోసింది ఒక్కసారి పంపలేను. నెలనెలా కాస్త కలిపి పంపుతాను."

సోమేశ్వరరావు కుర్చీలో సర్దుకుని గొంతు సవరించాడు. "నేను మొదట్నించీ ఇదే కదా చెబుతున్నాను."

గది మొత్తం ఆయన వైపు తిరిగింది. పై మంచం మీంచి ఒక బనీను వచ్చి ఆయన ఒళ్ళో పడింది. ఎవరు విసిరారో ఎవరికీ తెలియదట.

అందరి ముందే వీరమ్మకి ఫోన్ చేశారు. స్పీకర్ మీద భీమేశ్వరరావు ఒక్కో మాటా చెప్పాడు. కోత లేదు, పాప వాటా ఇంతే, మందులు విడిగా.

"మల్లీ చెప్పు బాబూ, ఇనపళ్ళేదు," అంది వీరమ్మ.

మళ్ళీ చెప్పాడు.

"గట్టిగా చెప్పు బాబూ."

వీరమ్మకి చూపు తగ్గింది గానీ చెవులు పిల్లి చెవులు. సత్యకుమారి కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది, భుజాలు కదిలిపోతున్నాయి. మూడోసారి కూడా చెప్పించుకుని గానీ ముసలమ్మ ఫోన్ పెట్టలేదు. ఎనిమిది మంది సాక్షులకి మూడుసార్లు వినిపించింది. ఏ ప్లీడరు చేస్తాడు ఆ పని?

మెట్ల దాకా వచ్చాడు భీమేశ్వరరావు. ఆమె చెప్పులు తొడుక్కుంటుంటే లోపలికి తిరిగి, "బాబాయ్ గారూ! ఆ రెండు కంచాలూ నా లెక్కలోకి మార్చేశాను," అని కేకేశాడు.

"చింతపండు ఇంకొంచెం వెయ్యండి ఈసారి," అంది సత్యకుమారి. "మెంతులు మాడ్చొద్దు."

"ఊఁ," అన్నాడు.

*

రిఫా చేరేసరికి మేడమ్ హాల్లో ఖర్జూరాలు తింటూ ఉంది. సత్యకుమారి ఎదురుగా నిలబడింది. వచ్చీ రాని అరబ్బీలో చెప్పాల్సిన వాక్యం దారి పొడుగునా కూడబలుక్కుంది. తీరా ఒక్క మాటే వచ్చింది.

"ఖలాస్, మేడమ్."

మేడమ్ ఆమెని కాళ్ళ దాకా చూసి మళ్ళీ మొహం చూసింది. "నీ కూతురా?"

"అవును. కూతురు."

మేడమ్ తలూపింది. ఖర్జూరాల డబ్బా మూత పెట్టి మొత్తం డబ్బా ఆమె చేతుల్లో పెట్టింది. "మజ్బూస్ బాగుంది ఇవాళ," అంది. ఇన్నేళ్ళలో మొదటిసారి.

గదిలో నజ్నీన్ పెట్టె మీద కూర్చుని జిప్పు లాగుతోంది. "రెండు పెట్టెలూ ఫుల్. ఖర్జూరాలు ఏడ పెడ్తవ్?"

"అది తియ్యి," అంది సత్యకుమారి. జిప్పు విప్పి పైనున్న దుప్పటి బయటికి లాగింది. పులి బొమ్మ దుప్పటి, బొంతలా మందం. వచ్చిన మొదటి వారం జిదాఫ్స్ బజారులో కొనుక్కుంది. ఈ గదికీ హాలుకీ కలిపి ఏసీ ఒకటే, కట్టెయ్యడానికి లేదు. అది లేకపోతే రాత్రుళ్ళు పళ్ళు టకటకలాడేవి. దుప్పటి ఖాళీ చేసిన చోట ఖర్జూరాల డబ్బా సరిగ్గా పట్టింది.

"నా కాడ దాచిపెడ్త. మల్ల వచ్చినప్పుడు తీస్కో," అంది నజ్నీన్. ఆ గదిలో ఎవరు సెలవుకెళ్ళినా అనే మాటే.

"నువ్వు కప్పుకో. మా ఊళ్ళో ఇది కప్పుకుంటే ఉడికిపోతాం."

నజ్నీన్ అర్థం చేసుకోవడానికి ఒక నిమిషం పట్టింది. తర్వాత లేచి ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది. ఇద్దరిలో ఎవరు ముందు నవ్వారో, ఎవరు ముందు ఏడ్చారో చెప్పడం కష్టం. బయట షంషుద్దీన్ హారను కొట్టాడు. "యల్లా అక్కా! విమానం నీకోసం ఆగదు, అది మన బండి గాదు!"

పెట్టెలు మోసుకుంటూ వెళ్ళారు. గేటు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు. బండి మలుపు తిరిగింది.

గది తలుపు తెరిచే ఉంది. ఏసీ గాలి నేరుగా తగిలే మంచం మీద దుప్పటి సగం మడతలో, సగం విప్పి పడి ఉంది. మడతలోంచి పులి ఒక కన్నే కనిపిస్తోంది, ఊలు అంచు గాలికి మెల్లగా లేస్తూ, పడుతూ ఉంది.